కొండ సంతలో కోడిపుంజు

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఈసారి కోడిపుంజును గురించి వ్రాస్తామని చెప్పాము. ఉర్దూ శాఖకు చెందిన మిత్రులొకరు నవ్వి, "గాలిబును గురించి వ్రాయండి, వేమనను గురించి వ్రాయండి. ఈ ముర్గా ఎందుకు సాహెబ్?" అన్నారు. మాకు మాత్రం ఇది తక్కువ విషయమని తోచలేదు. తెల్లవారుతున్నదని ఊరికి చాటేది ఈ పక్షియే. దేవత ముందు తల వాల్చేది ఇదే. పండుగనాడు బరిలోకి దిగేది ఇదే. సాయంకాలానికి కుండలో చేరేదీ ఇదే. ఇన్ని విధాల ఉపయోగపడి, ఇంత తక్కువ గౌరవం పొందిన ప్రాణి మరొకటి ఉంటుందా అని మా సందేహం.

ముందుగా మాటల సంగతి. సంస్కృత కవులు దీనిని కుక్కుటమన్నారు, తామ్రచూడమన్నారు, చరణాయుధమన్నారు. కాలినే ఆయుధంగా గలది అని ఈ చివరి మాటకు అర్థం. పందెగాండ్లలో నిఘంటువు తిరగవేసిన వారు తక్కువే కావచ్చు గాని, ఆ మాటలోని సత్యం వారికి తెలిసినంతగా పండితులకు తెలియదు. అరకు ప్రాంతపు కొండలలో మాట్లాడే ఆదివాసీ ఒడియాలో దీనిని 'కుకుడా' అంటారు. ఇక పందెపు కోళ్ళలో మేలుజాతికి దేశమంతటా 'అసీల్' అని పేరు. అసీల్ అంటే మేలైన పుట్టుక కలది, కల్తీ లేనిది అని అర్థం. ఈ మాట అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చినది. మనం రోజుకు నూరుసార్లు అనే 'అసలు' అన్న తెలుగు మాట కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. 'అసలు సంగతేమిటి' అని అడిగే తెలుగువాడు, 'యహ్ అసీల్ హై' అని పుంజును చంకలో పెట్టుకునే సాయిబు, ఇద్దరూ ఒకే మాటను పట్టుకుని ఉన్నారన్నమాట. ఉభయభాషల కళాశాలలో పనిచేసే మాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా ముచ్చట కలుగుతుంది.

ఈ అసీల్ జాతికి పుట్టినిల్లుగా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలను పశుశాస్త్రజ్ఞులు పేర్కొంటారు. అంటే తూర్పు కనుమలు, వాటికి ఆనుకున్న అరణ్యభూమి. మల్కన్‌గిరి వైపు వెజగూడ అనే మరొక పోట్లకోడి జాతి కూడా ఉన్నది. కోడిపందెం అనగానే మన మనస్సు భీమవరానికి పరుగెత్తుతుంది గాని, కోడి మాత్రం కొండలదే.

దీని వెనుక ఇంకా పాత కథ ఉన్నది. అరకు లోయ చుట్టూ ఉన్న కొండలలో, గుగ్గిలపు చెట్లు పెరిగే అడవులలో, ఎర్ర అడవికోడి నేటికీ తిరుగుతుంది. మన ఇంటికోడికి మూలపురుషుడు అదే. గోదావరికి దక్షిణాన, పడమర దిక్కున కనిపించేది బూడిదరంగు అడవికోడి. గుగ్గిలపు చెట్టు ఉన్నంతవరకు ఎర్రకోడి ఉంటుందని, ఈ రెండింటి రాజ్యాలకు ఇంచుమించు గోదావరియే సరిహద్దు అని పక్షిశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇంటికోడి ఎర్ర అడవికోడి సంతానమని చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథంలో వాదించాడు. 2008లో వచ్చిన ఒక పరిశోధన ఆ మాటకు చిన్న సవరణ చేసినది. ఇంటికోళ్ళ కాళ్ళలో, చర్మంలో కనిపించే పసుపు రంగు మాత్రం బూడిదరంగు అడవికోడి నుండి సంక్రమించినదట. కోడిని మొదట మచ్చిక చేసినది నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, బర్మా ప్రాంతాలలోనని, తరువాత అది పయనించిన చోటనెల్లా స్థానికపు అడవికోళ్ళతో కలిసినదని 2020లో వెలువడిన మరొక పరిశోధన తేల్చినది. కనుక మన పెరటి కోడి కాలు పచ్చగా ఉంటే దాని వంశవృక్షంలో గోదావరికి ఆవలిగట్టు చుట్టమొకరు ఉన్నారనుకోవచ్చు. మనుష్యుల వంశవృక్షాలు కూడా ఇంతకంటె శుద్ధంగా ఉంటాయని మేము అనుకోము.

ఈ పక్షితో మాకు పుస్తకపు పరిచయం తరువాత కలిగినది. మొదటి పరిచయం మా నానా ద్వారా, అనగా మా తల్లిగారి తండ్రి ద్వారా. ఆయన కోళ్ళ వ్యాపారి. కొత్తవలస నుండి కిరండూల్ దాకా 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన రైలుమార్గం మీద, ప్రయాణికుల బండి ఎక్కి కొండ సంతలకు వెళ్ళేవారు. వెళ్ళేటప్పుడు ఉప్పు, ఎండుచేపలు, గాజులు. వచ్చేటప్పుడు వెదురు గంపల నిండా కోళ్ళు. మేము పుట్టేనాటికి ఆయన వయస్సు మళ్ళినది గాని, వ్యాపారం మానలేదు. గంపకు పైన వల కట్టి, దాని మీద తడిగుడ్డ పరచి, బండి సొరంగంలో ప్రవేశించినప్పుడల్లా కోళ్ళు అన్నీ ఒక్కసారిగా ఎట్లా మౌనం వహించేవో ఆయన చెప్పేవారు. ఆ మార్గంలో సొరంగాలు అనేకం. చీకటి పడినదనుకుని నిద్రకు కూర్చున్న పుంజు, రెండు నిమిషాలలో మళ్ళీ వెలుగు చూసి కూత వేసేదట. "ఒక్క ప్రయాణంలో పాతిక సార్లు తెల్లవారుతుందిరా వాటికి" అనేవారు.

నానా కోడిని చూసే విధానం ఇప్పటికీ మా కళ్ళకు కట్టినట్లున్నది. ముందు కన్ను చూసేవారు కాదు, కాలు చూసేవారు. కాలిమీది పొలుసుల వరుస, గోళ్ళ పట్టు, ముల్లు మొలిచిన చోటు. తరువాత రొమ్ముకింద చేయి పెట్టి ఎత్తేవారు. బరువు కాదట చూడవలసినది, ఎత్తినప్పుడు అది చేతిలో ఎట్లా సర్దుకుంటుందో చూడాలట. భయపడిన కోడి కాళ్ళు వ్రేలాడవేస్తుంది, ధైర్యం గలది ముడుచుకుంటుంది. చివరకు కన్ను. రంగులు వల్లె వేయించేవారు. కాకి నల్లనిది, సేతువ తెల్లనిది, డేగ ఎర్రనిది. నెమలి, పర్ల, సవల, మైల, కొక్కిరాయి, పింగళ, రసంగి. రెండు రంగులు కలిసినవి కాకిడేగ, కాకినెమలి. ఛందస్సులో గణాల పేర్లు మాకు కంఠస్థం కావడానికి ఆలస్యమైనది గాని, ఇవి మాత్రం ఆరేళ్ళ వయస్సుకే వచ్చినవి.

కొండ సంతలో కోళ్ళు అమ్మేది ఎక్కువగా స్త్రీలు. కొండదొరలలో గాని, బగతలలో గాని, పొర్జాలలో, కోదులలో గాని పశువు మగవాని సొత్తయితే కోడి ఆడదాని సొత్తు. ఇంట్లో ఉప్పుకు, బిడ్డ మందుకు, దేవత మొక్కుకు ఆమె ఎవరినీ అడగవలసిన పని లేకుండా చేసేది ఆ కోడియే. కోడి లేని ఇంటికి కోడి ఉన్న ఇల్లు ఒక పెట్టను 'వాటా'కు ఇస్తుంది. పొదిగించి, పిల్లలను పెంచి, పెరిగిన వాటిని ఇద్దరూ పంచుకుంటారు. కాగితం లేదు, సాక్షి లేడు. సహకార సంఘాలను గురించి అర్థశాస్త్ర విద్యార్థులు పరీక్షలలో పుటలకొద్దీ వ్రాస్తారు గాని, ఈ వాటా సంగతి ఏ పాఠ్యగ్రంథంలోనూ మాకు కనిపించలేదు.

ఆ స్త్రీలు నానాను అడిగే మాట ఒక్కటే. "కూరకా బాబూ, పందేనికా?" కూరకైతే ఒక ధర, పందేనికైతే మరొక ధర. మైదానం నుండి వచ్చే బేరగాండ్లలో చాలామంది పందెపు కోడిని కూర ధరకే కొని, పుష్యమాసంలో గోదావరి జిల్లాలకు చేర్చి పదింతలకు అమ్ముకునేవారు. నానా నిజం చెప్పి ఎక్కువ ధర ఇచ్చేవారు. అందుచేతనే ఆయన గంపల దగ్గరకు మంచి పుంజులు తామంతట తామే వచ్చేవి. అయితే ఆయన ఒక్కనాడు కూడా పందెపు బరి దగ్గర నిలబడలేదు. నమాజు తప్పని మనిషి. జంతువులను ఒకదాని మీదికి ఒకటి ఉసికొల్పి పోట్లాడించరాదని దైవప్రవక్త నిషేధించినట్లు హదీసులో ఉన్నది. కోడిని తిట్టవద్దని, అది నమాజుకు మేలుకొలుపుతుందని కూడా ఉన్నది. కోడి కూత వినబడినప్పుడు దైవానుగ్రహం కోరుకోండి, అది దేవదూతను చూసి కూసినదని మరొక చోట ఉన్నది. ఇవన్నీ నానాకు తెలుసు. కనుక పందెపు కోళ్ళ మీద వచ్చిన డబ్బుకు ఆయన వేరొక సంచి పెట్టుకున్నారు. ఆ సంచిలోని డబ్బు ఫిత్రాకు గాని, ఖుర్బానీకి గాని తీసేవారు కాదు. ఇంటి పెంకులు ఆ సంచి నుండి వచ్చినవి. మా తల్లిగారి చదువు, తరువాత మా విశ్వవిద్యాలయపు ఫీజులో కొంతభాగం కూడా ఆ సంచి నుండే వచ్చినవి. "కత్తి కట్టేది నేనా?" అని నానా అనేవారు. "కత్తి కడతాడని తెలిసి ఇచ్చేది మీరే గదా" అని మా తల్లిగారు అనేవారు. ఆ వాదం ఇరువైపులా ఒక్క అంగుళమైనా కదలకుండానే నానా కాలం చేశారు. మాకు మా తల్లిగారి పక్షమే న్యాయమనిపిస్తుంది. కాని ఆ పెంకుల కింద కూర్చునే ఆ మాట అనవలసి వస్తున్నది.

మా సాహిత్యంలో ఈ పందెపు కోడి స్థానం చిన్నదేమీ కాదు. దండి సంస్కృతంలో వ్రాసిన దశకుమార చరితంలో ప్రమతి అనే యువకునికి ఒక వృద్ధ బ్రాహ్మణునితో స్నేహం కుదిరేది కోడిపందెం దగ్గరే. నారికేళజాతి, బలాకజాతి అని అక్కడ కోళ్ళలో రెండు జాతుల పేర్లు కూడా ఉన్నవి. దానిని పదమూడవ శతాబ్దిలో తెనిగించి తిక్కనకు అంకితమిచ్చినవాడు కేతన. క్రీడాభిరామంలో టిట్టిభసెట్టి, మంచనశర్మ ఓరుగంటి వీధులలో తిరుగుతూ పొట్టేళ్ళ పోరు, కోళ్ళ పోరు చూస్తారు. చచ్చిన కోడికి అక్కడ వీరమరణపు మర్యాద జరుగుతుంది, అదీ హాస్యంగా. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి ఆధారాలను ఏరి కూర్చి, ఈ వినోదం మన జాతికి ఎంత పాతదో చూపించారు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం అందుకున్న మొదటి గ్రంథం అదే.

వీటన్నిటికంటె జనం నోట నిలిచినది పలనాటి కథ. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడి పక్షం, నాయకురాలు నాగమ్మ పక్షం రాజ్యాన్ని కోడి కాలిమీద పెట్టినవి. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, నాగమ్మ కోడి సివంగిడేగ అని చెప్పుకుంటారు. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలని ఒప్పందం. మాచర్లవారు ఓడి వలస పోయినారు. గడువు ముగిసిన పిమ్మట కారెంపూడి రణరంగం. ఆ వీరుల చరిత్రను శ్రీనాథుడు ద్విపదలో వ్రాశాడు.

రెండేళ్ళ క్రితం ప్రథమ సంవత్సరం తరగతిలో ఈ కథ చెబుతున్నాము. మాది మైనారిటీ కళాశాలయే అయినా కొండల నుండి ప్రతియేటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు వచ్చి చేరుతుంటారు. ఆ యేడు చేరిన వారిలో ఒక కొండదొర కుర్రవాడు ఉన్నాడు. అనంతగిరి దాటిన తరువాత రోడ్డు విడిచి రెండు గంటలు నడవాలి వాళ్ళ ఊరికి. తరగతిలో నోరు విప్పడు. ఆ రోజు లేచి నిలబడి, "మాస్టారూ, ఆ రెండు కోళ్ళూ ఏ ఊరివి? వాటిని పెంచినది ఎవరు?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వినది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాము. నాగమ్మ కపటం చేసినదా లేదా, బ్రహ్మనాయుడు సంస్కర్త అవునా కాదా అని వాదించే విద్యార్థులు ప్రతియేటా ఉంటారు. ఆ కోడికి గింజలు వేసినది ఎవరని అడిగినవాడు ఇంతవరకు లేడు. రాజులు కోళ్ళను పెంచరు గదా. ఎవరో పెంచి ఉండాలి. ఏ కాగితం మీదా వారి పేరు లేదు.

మన పూర్వుల వినోదాలలో ఉర్దూవారి వాటా కూడా చెప్పకపోతే ఈ సంచిక సంపాదకులు మమ్మల్ని క్షమించరు. లక్నో నవాబుల ముర్గ్‌బాజీని అబ్దుల్ హలీం షరర్ 'గుజిష్తా లఖ్నవ్'లో వివరంగా వర్ణించారు. అక్కడ పుంజు కాలికి కత్తి కట్టరు, పైగా దాని కాళ్ళను ఎక్కువ హాని జరుగకుండా కట్టివేసి, ముక్కును మాత్రం చెక్కి పదును చేసేవారు. జర్మన్ చిత్రకారుడు యోహాన్ జోఫనీ లక్నోలో నవాబు ఆసఫుద్దౌలా, కర్నల్ మోర్డాంటుల కోడిపందాన్ని 1780లలో చిత్రించాడు. ఆ చిత్రం నేడు లండను టేట్ సంగ్రహంలో ఉన్నది. ఇంగ్లీషువారు తమ దేశంలో 1835లో కోడిపందాలను నిషేధించుకున్నారు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువులను పోట్లాటకు ఉసికొల్పడాన్ని నేరమన్నది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం పందెపు డబ్బును పట్టుకున్నది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఈ చట్టాలను గట్టిగా అమలుపరచమని అధికారులను ఆదేశించినది. సంక్రాంతి మూడు రోజులలో గోదావరి జిల్లాల తోటలలో ఏమి జరుగుతుందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

అక్కడి పద్ధతులకు ఒక శాస్త్రమే ఉన్నది. కుక్కుట శాస్త్రం చూసి, ఏ రోజున ఏ నక్షత్రంలో ఏ రంగు కోడి ఏ రంగు మీద గెలుస్తుందో నిర్ణయిస్తారు. చూపుడు పందెం, ముసుగు పందెం, ఎత్తుడు దించుడు పందెం అని భేదాలు. కత్తి లేనిది డింకీ పందెం. బాదం పప్పు, ఉడికించిన గుడ్డు, మాంసపు కీమా తిని, ఈత నేర్చి, వేడినీటి కాపడం పెట్టించుకున్న పుంజు కత్తి కట్టగానే ఒక్కొక్కప్పుడు అర నిమిషంలో నేలకొరుగుతుంది. ఓడిన కోడిని కోజ అంటారు, దాని మాంసం రుచికి పోటీ కూడా ఉంటుంది. దూరం నుండి చూసినప్పుడు, ఎగిరిన రెండు పుంజులు మెడ ఈకలు విప్పి గాలిలో ఎదురుపడే ఆ క్షణం అందంగానే ఉంటుంది. అందం లేదంటే అది అబద్ధం. కాని ఆ అందానికి కత్తి అవసరం లేదు. పెరటిలో రెండు పుంజుపిల్లలు తగవు పడినప్పుడూ అదే అందం కనిపిస్తుంది, రెండు నిమిషాల తరువాత రెండూ కలిసి గింజలు ఏరుకుంటాయి.

కొండ సంతల అంచులలో జరిగే పందెం తీరు వేరు. మధ్యాహ్నం దాటి, అమ్మకాలు సన్నగిల్లిన తరువాత, చింతచెట్టు నీడలో గుండ్రంగా జనం నిలబడతారు. పందెం చిన్నది. గెలిచినవానికి ఓడిన కోడి దక్కుతుంది, ఆ రాత్రి కూరకు సరిపోతుంది. దానిని మేము గొప్పచేసి చెప్పడం లేదు, నెత్తురు అక్కడా నెత్తురే. చట్టమూ రెండు చోట్లా ఒక్కటే. అయితే మైదానపు పందెం డబ్బు ఇక్కడికి కూడా ఎక్కి వస్తున్నదని, పూర్వం గంట ఉండే జనం ఇప్పుడు చీకటిపడే దాకా కదలడం లేదని, సంత డబ్బు ఇంటికి చేరడం లేదని అక్కడి స్త్రీలే మాతో అన్నారు.

కొండవారికి పుంజు దేవతల సొమ్ము కూడా. గంగాలమ్మ పండుగకు, కొత్త కొర్రలు తినే కొర్రకొత్తకు, విత్తనాలు చల్లే ముందు, రోగం వచ్చినప్పుడు పుంజును అర్పిస్తారు. అర్పించే ముందు దాని ముందర నాలుగు బియ్యపు గింజలు వేస్తారు. అది పొడిచి తింటే దేవత ఒప్పుకున్నట్లు. తినకపోతే పూజారి మళ్ళీ మాట్లాడతాడు, బతిమాలుతాడు. మైదానంలోనూ కోడికి దైవసంబంధం తక్కువేమీ కాదు. కుమారస్వామి ధ్వజం మీద ఉన్నది కోడి. పిఠాపురంలో కుక్కుటేశ్వరస్వామి వెలసినది, గయాసురుని వ్రతం భంగం కావడానికి శివుడు కోడి రూపంలో వేళకు ముందే కూసినందువల్లనని స్థలపురాణం. వేళ తప్పి కూసిన కోడిని మనం కోసుకుంటాము, అక్కడ మాత్రం గుడి కట్టారు.

ఆటల సంగతి చెప్పక తప్పదు. మల్లయుద్ధానికి, ముష్టియుద్ధానికి కోడిపోరే ఉపమానం. ముష్టియుద్ధంలో 'బాంటమ్ వెయిట్' అని ఒక తరగతి ఉన్నది. జావా దీవిలోని బాంటమ్ రేవు పేర పిలువబడే చిన్నకోడి నుండి వచ్చిన పేరు అది. చిన్నది, చురుకైనది, వెనుదిరగనిది అని భావం. మన నిజామాబాదు కుర్రవాడు మొహమ్మద్ హుసాముద్దీన్ 2018లో కామన్వెల్త్ క్రీడలలో కాంస్యపతకం గెలిచినది ఈ కోడిపిల్లల తరగతిలోనే. 1998లో ఫ్రాన్సులో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు చిహ్నం కోడిపుంజు. సినిమాలలో తమిళం నుండి తెలుగులోకి వచ్చిన 'పందెంకోడి' 2006లో మన ఊళ్ళలో నూరు రోజుల మాట అన్నట్లుగా నడిచినది, అయితే అందులో పందెం మనుష్యుల మధ్యనే. కోడిపందగాళ్ళ జీవితం నిజంగా చూపినది 2011లో వచ్చిన తమిళ చిత్రం 'ఆడుకళం'. ఇంతటితో ఈ ప్రపంచయాత్ర చాలిస్తాము. మాకు సంత సంగతి ఇంకా మిగిలి ఉన్నది.

పోయిన పుష్యమాసానికి ముందు ఆ విద్యార్థి రెండు వారాలుగా తరగతికి రాకపోతే కబురు చేశాము. పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గర పడినది. అతడు వచ్చి చెప్పినది ఇది. ఎండకాలంలో కొక్కెర తెగులు వచ్చి వాళ్ళ ఊరిలో కోళ్ళన్నీ పోయినవి. ఇది రాణిఖేత్ రోగమని 1927 నుండి మన దేశంలో తెలిసినదే, టీకా ఉన్నదే. మైదానంలో వేలకు వేలు కోళ్ళున్న ఫారాలకు టీకా చేరుతుంది. పన్నెండు కోళ్ళున్న ఇల్లు కొండమీద ఉంటే, మంచుగడ్డలో పెట్టిన సీసా అక్కడికి నడిచి వెళ్ళాలి. అతని తల్లికి మిగిలినవి మూడు పుంజులు, రెండు పెట్టలు. ఫీజు కోసం పుంజులను సంతకు తెస్తున్నది. "మీరు ఒకసారి వస్తారా మాస్టారూ? మీకు కోళ్ళు తెలుసు గదా" అన్నాడు. మా నానా సంగతి తరగతిలో ఎప్పుడో చెప్పినది అతనికి గుర్తున్నదన్నమాట.

ముందురోజు రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాము. మట్టి అరుగు, చలిమంట, చోడి అంబలి. తెల్లవారుఝామున గంప కింది పుంజు కూసినది. కొంచెం ఆగి, అవతలి అడవిలో నుండి మరొక కూత వచ్చినది. ఇంటి కోడి కూత చివర సాగుతుంది, అడవికోడి కూత చివర ఎవరో గొంతు నొక్కినట్లు తెగిపోతుంది. రెండూ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటూనే ఉన్నవి. ఆ ఇంటి పెట్టలు మేతకు పోయినప్పుడు అడవి పుంజు కలవడం ఉన్నదేనట, అటువంటి పిల్లలు మచ్చిక కావడం కష్టమని ఆమె చెప్పినది.

సంతలో మూడు పుంజులను కాళ్ళు కట్టి గోనెగుడ్డ మీద పెట్టినది. మొదటి రెండు మామూలువి, కూర ధరకు గంటలోపలే పోయినవి. మూడవది కాకిడేగ. కన్ను నిప్పుకణం. మేము రొమ్ముకింద చేయి పెట్టి ఎత్తి చూశాము. కాళ్ళు ముడుచుకున్నది. ఇంతలో మైదానపు బేరగాడొకడు వచ్చి, పైకి చూడనట్లే చూసి, "ఏమమ్మా, ఎనిమిది వందలు తీసుకో" అన్నాడు.

"కూరకా బాబూ, పందేనికా?" అని ఆమె అడిగినది. మేము చిన్నతనంలో నానా నోట విన్న మాటలే అవి. ఆ వరుసలో ఉన్న మాటలు వేరొకరి నోట విని ఉలిక్కిపడ్డాము.

"కూరకే. ఇంట్లో చుట్టాలు."

"ఇది విత్తనపు పుంజు. కూరకు ఇవ్వను."

బేరగాడు వెయ్యి అన్నాడు, పన్నెండు వందలన్నాడు. అప్పుడు తరగతిలో నోరు విప్పని మా విద్యార్థి ముందుకు వచ్చాడు. "ఇది కాకిడేగ అండీ. పొలుసు చూడండి, వరుస చూడండి. భోగి నాటికి భీమవరంలో దీని ధర ఎంతో మీకు తెలుసు. కూర ధర చెప్పకండి" అన్నాడు. బేరగాడు అతని వైపు, మా వైపు, మా టోపీ వైపు చూశాడు. మేము మధ్యవర్తిత్వం చేయలేదు, ఒక్కమాట కూడా అనలేదు. చివరకు మూడువేలకు తెగినది. పందేనికేనని బేరగాడు తానే ఒప్పుకున్నాడు. పందేనికి అని తెలిసిన తరువాత ఇవ్వవద్దని ఆమెతో చెప్పడానికి మాకు నోరు రాలేదు. మా తల్లిగారు అక్కడ ఉంటే చెప్పి ఉండేవారా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాము.

పుంజును అందించే ముందు ఆమె దాని కాళ్ళ తాడు విప్పి, కొంగులోని చోళ్ళు గుప్పెడు దాని ముందు పోసినది. తిన్నది. మళ్ళీ తాడు కట్టి ఇచ్చినది. డబ్బు మూడుసార్లు లెక్కపెట్టి, ఫీజు మొత్తం కొడుకు చేతిలో పెట్టి, మిగిలినది కొంగున ముడివేసుకుని ఎండుచేపల వైపు నడిచినది.

"ఇక పుంజు లేదు గదమ్మా, పెట్టలను ఏం చేస్తావు?" అని అడిగాము.

"పైవూరిలో మా అప్పకు పుంజుపిల్ల ఉంది మాస్టరు బాబూ" అన్నది, చేపలు ఏరుతూనే. "వాటాకు తెచ్చుకుంటాను."